అరెస్టిన్ ఆర్పుతుందా, ఆపుతుందా?

సందేహం: కంటి గురించి తెలుగులో వ్యాసం రాస్తూ 'రెటీనాలోని అరెస్టిన్ అనే ప్రొటీన్ కాంతిని ఆర్పివేస్తుంది' అన్నాను. స్నేహితురాలు 'ఆపివేస్తుంది' అని దిద్దింది. మా ఇంట్లోవాళ్లు 'బంద్ చేస్తుంది' అంటే చాలదా అంటున్నారు. ఏది సరి? – ఒక పాఠకురాలు, మెహదీపట్నం, హైదరాబాద్

సమాధానం: క్రియ సంగతి తర్వాత, ముందు కర్మను చూడండి. మీ వాక్యంలో అసలు చిక్కు 'కాంతిని' దగ్గరే ఉంది. అరెస్టిన్ కాంతి జోలికి పోదు. రెటీనాలో మసక వెలుతురును పసిగట్టే దండకణంలోని రొడాప్సిన్ అనే ప్రొటీన్ మీద కాంతి పడగానే అందులో వంకరగా ఉన్న రెటినాల్ అనే చిన్న అణువు నిటారవుతుంది. దాంతో రొడాప్సిన్ చురుకై, సంకేతాన్ని ముందుకు మోసే ట్రాన్స్‌డ్యూసిన్ అనే ప్రొటీన్ అణువులను ఒకదాని వెంట ఒకటి రేపుతూ పోతుంది. వెలుగు పోయినంత మాత్రాన ఈ పని వెంటనే ఆగదు. ముందు రొడాప్సిన్ కైనేజ్ అనే ఎంజైమ్ వచ్చి రొడాప్సిన్ తోకకు ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. దీనివల్ల జోరు తగ్గుతుందే కాని పూర్తిగా పోదు. ఫాస్ఫేట్లు కనీసం మూడు పడ్డాక అరెస్టిన్ వచ్చి గట్టిగా పట్టుకుంటుంది. ఇక ట్రాన్స్‌డ్యూసిన్‌కు అక్కడ చోటుండదు.

కాబట్టి కైనేజ్ 'తగ్గిస్తుంది', అరెస్టిన్ 'ఆపివేస్తుంది'. ఈ తేడా చూపడానికి 'వేయు' బాగా పనికొచ్చింది. మీ స్నేహితురాలి దిద్దుబాటు సరైనదే. అయితే ఆపేది కాంతిని కాదు, సంకేతాన్ని. 'అడ్డుకుంటుంది' అనాలనుకుంటే కర్మ మళ్లీ మారుతుంది: అరెస్టిన్ పట్టుకునేది రొడాప్సిన్‌ను, అడ్డుకునేది ట్రాన్స్‌డ్యూసిన్‌ను.

'ఆరు'కు ప్రేరణరూపం 'ఆర్పు'. మంటకు, దీపానికి, దాన్నిబట్టి కరెంటు లైటుకూ వాడతాం. (దేవుడి దీపమైతే ఆ మాటా అనం, కొండెక్కిందంటాం.) వ్యాసం శీర్షికలో అలంకారంగా చెల్లుతుందేమో కాని, వివరణలో 'ఆర్పు' అంటే చదివేవారి మనసు వెలుగు మీదికే పోతుంది.

'బంద్' తప్పు మాట కాదు. 'ఫ్యాన్ బంద్ చెయ్' అనని ఇల్లు హైదరాబాద్‌లో ఉందా? కాని 'దుకాణం బంద్' అన్నప్పుడు దానికి 'మూత' అనే అర్థం కూడా ఉంది. ఇక్కడ అదే తికమక పెడుతుంది. దండకణం పొరలోని అయాన్ చానళ్లు (విద్యుదావేశమున్న కణాలు వెళ్లే దారులు) చీకట్లో తెరిచి ఉంటాయి, కాంతి పడితే మూసుకుంటాయి. అరెస్టిన్ రొడాప్సిన్‌ను ఆపాక, రేగి ఉన్న ట్రాన్స్‌డ్యూసిన్ కూడా సద్దుమణిగి, కణంలో ఈ చానళ్లను తెరిచి ఉంచే సైక్లిక్ జీఎంపీ అనే అణువు మళ్లీ పెరిగితే అవి తిరిగి తెరుచుకుంటాయి. 'అరెస్టిన్ బంద్ చేస్తుంది' అని రాస్తే చానళ్లను మూసేది అదేననుకుంటారు; జరిగేది సరిగ్గా తలకిందులు.

వ్యాసంలో జబ్బు ప్రస్తావన ఉంటే ఇంకో జాగ్రత్త. 1907లో జపాన్ వైద్యుడు చూటా ఒగుచి వర్ణించిన రేచీకటికి అరెస్టిన్ జన్యువులోనో, కైనేజ్ జన్యువులోనో లోపమే కారణం. రేచీకటి అనగానే మనవాళ్లకు విటమిన్ ఎ గుర్తొస్తుంది, కనుక 'పుట్టుకతో వచ్చే రేచీకటి' అని విడదీసి రాయండి. అక్కడ కూడా 'సంకేతం ఆరదు' కాదు, 'సకాలంలో ఆగదు' అనాలి.

మీ వాక్యం ఇలా ఉంటే సరిపోతుంది: 'అరెస్టిన్ అనే ప్రొటీన్ చురుకైన రొడాప్సిన్‌ను పట్టుకుని, దాని నుంచి వెలువడే సంకేతాన్ని ఆపివేస్తుంది.' దీన్ని 'అరెస్టిన్ చేత సంకేతం ఆపివేయబడుతుంది' అని మాత్రం మార్చకండి. ఎవరు చేస్తున్నారో తెలిసిన చోట 'బడు'తో పనిలేదు.