పర్లాకిమిడి అమ్మాయికి ఎండోకానబినాయిడ్ పరిశోధన: ఏ కోర్సుతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం, బయాలజీ తీసుకుంది. నాకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. "మన ఒంట్లోనే గంజాయిలాంటి పదార్థాలు తయారవుతాయి నాన్నా, అవి ప్యాంక్రియాస్ మీద పనిచేస్తాయి, నేను దానిమీదే రీసెర్చ్ చేస్తాను" అంటోంది. మెడిసిన్ వద్దట. మా ప్రాంతంలో గంజాయి కేసుల సంగతి మీకు తెలిసిందే. ఆడపిల్ల ఆ పేరున్న చదువు చదివితే రేపు ఎవరేమంటారోనని ఇంట్లో అందరికీ టెన్షన్. అసలు ఇలాంటి చదువు ఉందా? ఎక్కడ చేర్పించాలి? పాతికేళ్లు దాటేదాకా చదువుతూనే ఉండాలా?

జవాబు: మీ భయాన్ని కొట్టిపారేయను. గజపతి, కోరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో గంజాయి తోటలు నరికించిన వార్తలు చదివి, చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపి సంచులు వెతకడం చూసినవాళ్లకు ఆ పేరు వింటేనే గుండె దడ. కానీ మీ అమ్మాయి చెప్పింది నిజం. ప్లస్ టూలోనే అంత లోతుకు వెళ్లి చదివిందంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెషూలం, యెహియెల్ గావోని శుద్ధంగా వేరుచేశారు. అది ఒంట్లో దేనికి అతుక్కుని పనిచేస్తుందని వెతగ్గా 1988లో ఒక రిసెప్టర్ (కణం మీద ఉండి సంకేతాన్ని అందుకునే ప్రొటీన్) జాడ దొరికింది, 1990లో దాని జన్యువు బయటపడింది. దాన్నే సీబీ1 అంటారు. ఎక్కడో పెరిగే మొక్క కోసం మన ఒంట్లో తాళం కప్ప ఎందుకుంటుంది? దానికి సరిపడే తాళంచెవి ఒంట్లోనే ఉండాలి కదా. 1992లో ఆనందమైడ్, 1995లో 2-ఏజీ అనే పదార్థాలు దొరికాయి. వీటినే ఎండోకానబినాయిడ్లు అంటున్నారు. ఇవి కణంలో నిలవ ఉండవు. అవసరం పడినప్పుడు కణం తన పైపొరలోని కొవ్వు నుంచి అప్పటికప్పుడు తయారు చేసుకుంటుంది, పని కాగానే ఎంజైములు విరగ్గొట్టేస్తాయి.

సీబీ1 మెదడులోనే కాదు, కాలేయంలో, కొవ్వులో, కండరంలో కూడా ఉంది. ఆకలి పెంచడంలో, కాలేయంలో కొవ్వు చేరడంలో దాని చెయ్యి ఉంది. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నవారి రక్తంలో 2-ఏజీ ఎక్కువగా ఉంటోందని పరిశోధనల్లో కనిపించింది. ప్యాంక్రియాస్ దగ్గరకొచ్చేసరికి లెక్క ఇంకా తేలలేదు. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద సీబీ1 ఎంత ఉంది, అది ఇన్సులిన్‌ను పెంచుతుందా తగ్గిస్తుందా అంటే ఎలుకలో ఒకలా, మనిషిలో ఒకలా, ల్యాబును బట్టి కూడా వేరేలా జవాబులు వచ్చాయి. 2013లో అమెరికా పరిశోధకులు షుగర్ వచ్చే జాతి ఎలుకల్లో చూస్తే, ప్యాంక్రియాస్‌లోకి చేరిన మాక్రోఫేజ్ అనే రక్షణ కణాల మీది సీబీ1 వల్ల అక్కడ వాపు పుట్టి బీటా కణాలు దెబ్బతింటున్నట్టు తేలింది. అంటే దోషం బీటా కణానిదే కాకపోవచ్చు, పక్కన చేరినవాటిది కావచ్చు. మీ అమ్మాయిలాంటి వాళ్లకు ఇక్కడ చేయాల్సిన పని బోలెడు మిగిలి ఉంది.

రిమోనబాంట్ కథ కూడా ఆమె తెలుసుకోవాలి. సీబీ1ని అడ్డుకునే ఈ మాత్రను సనోఫీ-అవెంటిస్ కంపెనీ తెచ్చింది. బరువు తగ్గింది, షుగర్ ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) కూడా తగ్గింది. 2006లో యూరప్ అనుమతి ఇచ్చింది. కానీ మందు మెదడులోకి కూడా వెళ్లి అక్కడి సీబీ1ని మూసేసేది. కొందరికి డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. అమెరికా అనుమతి ఇవ్వనేలేదు, 2008లో యూరప్ అమ్మకాలు ఆపించింది. అప్పటి నుంచి మెదడులోకి అంతగా వెళ్లని మందుల కోసం వెతుకుతున్నారు. నోవో నార్డిస్క్ కంపెనీ పరీక్షించిన మొన్లునబాంట్ అలాంటిదే. 2024లో వచ్చిన ఫలితాల్లో దానితోనూ బరువు తగ్గింది, డోసు పెరిగేకొద్దీ మానసిక ఇబ్బందులూ పెరిగాయి. ఒక మందు మంచి చేసిన చోటే ఎందుకు ముంచిందో అర్థం చేసుకోవాలన్న పట్టుదల ఉన్న పిల్లకు ఈ రంగం సరిగ్గా సరిపోతుంది.

మీకు ఒక మాట. ఇదంతా విని గంజాయి నూనె షుగర్‌కి మంచిదని ఎవరైనా చెబితే నమ్మకండి. డాక్టర్ రాసిన మాత్రలు ఒక్కపూట కూడా ఆపకండి.

ఇక గంజాయి పేరు. ఈ పరిశోధనలో ఎక్కువ భాగం మొక్కతో పనిలేకుండానే, కృత్రిమంగా తయారుచేసిన రసాయనాలతో, కణాలతో, ఎలుకలతో జరుగుతుంది. మత్తుపదార్థాలను అదుపు చేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చే పదార్థం ఏదైనా ల్యాబులో కావాలంటే ఆ అనుమతుల బాధ్యత సంస్థది, విద్యార్థిది కాదు. ఆమె డిగ్రీ పట్టా మీద బయాలజీ అనో, బయోకెమిస్ట్రీ అనో, ఫార్మకాలజీ అనో ఉంటుంది. బంధువులు అడిగితే "షుగర్ మీద పరిశోధన" అనండి, అది అక్షరాలా నిజం.

ఇప్పుడు కోర్సు. ఎండోకానబినాయిడ్ల పేరుతో డిగ్రీ కోసం వెతక్కండి. డిగ్రీలో పునాది పడాలి, ఈ అంశం పీహెచ్‌డీలో వస్తుంది. నా మొదటి ఎంపిక మీకు దగ్గర్లోనే ఉన్న ఐసర్ బరంపురం. 2016లో మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థలో డిగ్రీ, పీజీ కలిపి అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. ప్రవేశానికి ఐఏటీ పరీక్ష రాయాలి: బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ నుంచి 15 చొప్పున 60 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పుకు మైనస్ మార్కు. మ్యాథ్స్ లేకుండా ప్లస్ టూ చదివినా రాయొచ్చు, కానీ ఆ 15 ప్రశ్నలు వదిలేస్తే ర్యాంకు రావడం కష్టం. అందుకే ఇప్పటి నుంచే రోజూ కాసేపు పదకొండో తరగతి మ్యాథ్స్ చేయించండి. భువనేశ్వర్‌లోని అలాంటి మరో కేంద్ర సంస్థ నైసర్‌కు నెస్ట్ పరీక్ష వేరుగా ఉంటుంది, అదీ రాయించండి.

సరిహద్దు కుటుంబాలకు ఇక్కడ ఒక లాభం ఉంది. పాతపట్నం దాటితే ఆంధ్ర అయినా, అమ్మాయి చదువంతా ఒడిశాలో కాబట్టి అక్కడ లోకల్ కోటా మీద ఆశ పెట్టుకోలేం. ఐసర్, నైసర్ ప్రవేశాలకు మాత్రం ఏ రాష్ట్రంలో చదివారన్నది అడ్డు రాదు.

ఆ రెండూ రాకపోతే దిగులు వద్దు. మీ ఊళ్లోని ఎస్‌కేసీజీ కాలేజీలోనో, బరంపురంలోనో బీఎస్సీ కెమిస్ట్రీ లేదా జువాలజీ శ్రద్ధగా చదివి, ఎమ్మెస్సీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకో, మరో మంచి చోటికో వెళ్లొచ్చు. ఇంకో దారి బీఫార్మసీ. నాలుగేళ్లయ్యాక జీప్యాట్ (ఫార్మసీ పీజీ అర్హత పరీక్ష) పాసై, నైపర్ ప్రవేశ పరీక్ష కూడా రాసి, హైదరాబాద్‌లోని కేంద్ర ఫార్మసీ సంస్థ నైపర్‌లో ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చదివే శాస్త్రం) చేస్తే ఇదే రంగంలోకి వస్తుంది, మధ్యలో ఆగాల్సి వచ్చినా మందుల కంపెనీల్లో ఉద్యోగం ఉంటుంది. డబ్బు విషయంలో బిగుతుగా ఉన్న ఇళ్లకు నేను ఈ దారే ముందు చెబుతాను. మెడిసిన్ వద్దని తనే అంటోంది కాబట్టి బలవంతం చేయకండి.

చేర్పించే ముందు ఆమెతో ఒక విషయం మాట్లాడండి. ఈ పనిలో ఎలుకను చంపి ప్యాంక్రియాస్ తీయాలి. పిత్తనాళం గుండా ఎంజైము ఎక్కించి, 37 డిగ్రీల దగ్గర కరిగించి, మైక్రోస్కోప్ కింద ఒక్కో ఐలెట్‌ను పిపెట్‌తో ఏరాలి. ఇన్సులిన్ తయారయ్యే ఆ కణాల గుంపు ఒక్కొక్కటీ దాదాపు మిల్లీమీటరులో పదోవంతు. వందల కొద్దీ ఏరాక తక్కువ గ్లూకోజులో, ఎక్కువ గ్లూకోజులో ఉంచి ఎంత ఇన్సులిన్ వదిలిందో కొలవాలి. గంటల తరబడి మెడ వంచి కూర్చునే ఓపిక కావాలి. ప్రాణిని చంపడం మనసుకు పట్టకపోతే అదేమీ తప్పు కాదు. ల్యాబులో పెంచే కణాలతోనో, కంప్యూటర్‌తో రిసెప్టర్ల ఆకారాలు చదివే పనితోనో, రోగుల రక్త నమూనాలతోనో ఇదే సమస్య మీద పనిచేసేవాళ్లు ఉన్నారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో దాదాపు 10 కోట్ల మందికి షుగర్ ఉంది. తెలుగు, ఒడియా రెండూ మాట్లాడే పరిశోధకురాలు రోగులతో కూర్చుని చేసే అధ్యయనాల్లో ఎంతో పనికొస్తుంది.

చివరిగా మీ పాతికేళ్ల ప్రశ్న. నిజం చెప్పాలంటే అవును, దాటుతుంది. అయిదేళ్ల కోర్సు, తర్వాత పీహెచ్‌డీ అయిదారేళ్లు. పూర్తయ్యేసరికి 28, 29 వస్తాయి. అయితే అన్నాళ్లూ మీరు పోషించాల్సిన పనిలేదు. బోర్డులో మొదటి ఒక్క శాతంలో నిలిచి సైన్స్ డిగ్రీలో చేరితే కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయలు. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. పెళ్లి మాట వస్తే, పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్న అమ్మాయిలు చాలామంది ఉన్నారు. ఆ నిర్ణయం ఆమెకే వదిలేయండి. ఐఏటీ దరఖాస్తులు మామూలుగా మార్చిలో మొదలవుతాయి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు అవసరమైతే తహసీల్దారు ఆఫీసులో జనవరిలోనే పెట్టుకోండి.