పారవేయబడిన వస్తువులా, పారేసిన వస్తువులా?

సందేహం: లండన్‌లోని టేట్ గ్యాలరీ కోసం అమెరికా కళాకారుడు మార్క్ డయాన్ 1999లో రూపొందించిన ‘టేట్ థేమ్స్ డిగ్’ అనే కళాకృతి గురించి పరిచయ వ్యాసం రాస్తూ ‘పారవేయబడిన నిత్యజీవిత వస్తువులు వర్గీకరించబడి ప్రదర్శించబడ్డాయి’ అన్నాను. ఇది తెలుగు వాక్యంలా లేదని ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పారు. ‘పారేసిన వస్తువులను వర్గీకరించి ప్రదర్శించారు’ అని మారిస్తే, పారేసినవారూ ప్రదర్శించినవారూ ఒకరే అన్న అర్థం రాదా? ఈ రెండింటిలో ఏది సరైనది?

సమాధానం: మీ వాక్యాన్ని తప్పని కొట్టిపారేయడానికి వీలు లేదు. ‘చెప్పఁబడియె’ వంటి కర్మణి రూపాలు ప్రాచీన గ్రంథాల్లోనూ ఉన్నాయి. ‘ఇచ్చట పాత ఇనుప సామాను కొనబడును’ అనే బోర్డు చదివి ఇప్పటికీ ఎవరూ తికమకపడరు. అయితే బోర్డుకు నప్పినదల్లా వ్యాసానికి నప్పదు. ఒకే వాక్యంలో మూడుసార్లు ‘బడు’ వినిపించడమే మీ మిత్రునికి ఎబ్బెట్టుగా తోచి ఉంటుంది. చేసినవారెవరో చెప్పకుండా దాటవేయడానికి తెలుగుకు ఈ ‘బడు’తో పని లేదు; ‘మా వీధికి రోడ్డు వేశారు’, ‘కాలువకు నీళ్ళు వదిలారు’ అన్నప్పుడు కర్త ఎవరని వినేవారు అడగరు, చెప్పేవారికీ ఆ అవసరం ఉండదు. ఇక తప్పదనుకున్నచోట వ్యాకరణ సంప్రదాయం ప్రకారం ‘వర్గీకరింపబడి’, ‘ప్రదర్శింపబడ్డాయి’ అని రాయాలి. ‘వర్గీకరించబడి’ వంటివి వాడుకలో స్థిరపడిపోయాయి కనుక వాటిని దిద్దడం నేను మానుకున్నాను.

మీ రెండో వాక్యం విషయంలో మీకు కలిగిన భయానికి కారణం లేదు. ‘వర్గీకరించి’ అనే క్త్వార్థకానికీ ‘ప్రదర్శించారు’ అనే సమాపక క్రియకూ సాధారణంగా ఒకరే కర్త. ‘వానలు కురిసి పంటలు పండాయి’ వంటి కార్యకారణ వాక్యాలు దీనికి మినహాయింపు. ‘పారేసిన’ అనేది మాత్రం ధాతుజ విశేషణం. దానికి ఆ నియమం లేదు, దాని కర్త దానికి వేరుగా ఉండవచ్చు. ‘తల్లి వండిన అన్నం తిని బడికి వెళ్ళాడు’ అన్నప్పుడు తిన్నదీ వెళ్ళిందీ పిల్లవాడే, వండింది తల్లి. అందులో ‘తల్లి’ అనే మాట తీసేసినా పిల్లవాడే వండుకున్నాడని ఎవరూ అనుకోరు. అలాగే ‘పారేసిన వస్తువు’ అన్నంత మాత్రాన ఆ వస్తువు కర్మ అని తెలిసిపోతుంది కనుక ‘పారవేయబడిన’ అనడం వల్ల కొత్తగా కలిసివచ్చే అర్థం ఏమీ లేదు. అప్పటికీ అనుమానం తీరకపోతే ‘జనం పారేసిన’ అని ఒక్క మాట చేర్చండి.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఆ ప్రదర్శనలోని వస్తువులన్నిటికీ ‘పారేసిన’ అనే విశేషణం చెల్లుతుందా? డయాన్ స్వచ్ఛంద కార్యకర్తలతో కలిసి థేమ్స్ నది ఒడ్డున మిల్‌బ్యాంక్, బ్యాంక్‌సైడ్ అనే రెండు చోట్ల, ఆటు సమయంలో నీరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే బురద నేల మీద దొరికినదాన్నల్లా ఏరించారు. పొగాకు పీల్చే మట్టి గొట్టాలు, నీలిరంగు పూతల పింగాణీ పెంకులు, ఎముకలు, ఆల్చిప్పలు, ప్లాస్టిక్ బొమ్మలు అన్నీ అందులో ఉన్నాయి. తిని అవతల పడేసిన ఆల్చిప్పలకూ, విరిగిపోయిన మట్టి గొట్టాలకూ ‘పారేసిన’ అన్న మాట నిస్సందేహంగా చెల్లుతుంది. పిల్లల బొమ్మ సంగతి అలా చెప్పలేం. దాన్ని ఎవరైనా పారేశారో, పారేసుకున్నారో ఒడ్డున ఏరినవారికి తెలిసే అవకాశం లేదు. ‘పారేయు’కు ‘కొను’ అనే అనుబంధ క్రియ చేరగానే బుద్ధిపూర్వకంగా చేసిన పని పొరపాటున జరిగినదిగా మారిపోతుంది; ‘ఉంగరం పారేసింది’, ‘ఉంగరం పారేసుకుంది’ అనే వాక్యాల మధ్య ఎంత దూరముందో చూడండి. మీరు అన్నిటికీ కలిపి ‘పారేసిన’ అన్నప్పుడు, ఆ కళాకారుడు తెరిచి ఉంచిన ప్రశ్నకు మీరే జవాబు చెప్పేసినట్లవుతుంది.

పాత రూపం ‘పాఱవేయు’. ఏఱు పాఱుతుంది అన్నప్పటి ‘పాఱు’కే ‘వేయు’ చేరి ఇది ఏర్పడింది కాబట్టి, నదిలో పడేసిన వస్తువులకు ఈ మాట కొంచెం ఎక్కువగానే అతుకుతుందని సరదాకు అనుకోవచ్చు. దీనికి బదులు వాడదామని కొందరు ఎన్నుకునే మాటలు మాత్రం ఇక్కడ పనికిరావు. ‘పారబోసిన’ అన్నది ద్రవాలకూ గింజలకూ చెల్లుతుంది. ‘విడిచిన బట్టలు’ అంటే ఒంటి మీది నుంచి తీసినవేగాని వద్దనుకున్నవి కావు. ‘విసర్జించిన వస్తువులు’ అని రాస్తే చదివేవారు మర్యాదకు నవ్వు ఆపుకుంటారు. ‘పరిత్యక్త వస్తువులు’ అన్నది పాఠకుణ్ణి నిఘంటువు దగ్గరికి పంపుతుంది. ఇక ‘చెత్త’ అన్నారా, అది వస్తువు మీద తీర్పు. అద్దాల బీరువాలో పెట్టి చూపిస్తున్నదాన్ని చెత్త అనాలో వద్దో చూసేవారికి వదిలేయడం మేలు.

‘వర్గీకరించి’ సరైన మాటే. తడి చెత్తను, పొడి చెత్తను ‘వేరుచేస్తాం’. ఒకదానిలో ఒకటి కలవకుండా చూడడమే అక్కడి పని. ఒక లక్షణాన్ని ఆధారం చేసుకొని సజాతీయమైనవాటిని ఒక వర్గంగా చేర్చడం వర్గీకరణ. అందువల్ల ‘వర్గీకరించి’ అన్నప్పుడు దేన్ని బట్టి అన్న ప్రశ్న వెంటనే వస్తుంది, మీ వాక్యంలో దానికి జవాబు లేదు. పురావస్తు శాస్త్రజ్ఞులైతే కాలాన్ని కూడా బట్టి వర్గీకరిస్తారు. డయాన్ బృందం గ్యాలరీ పచ్చికలో గుడారాలు వేసి, ఏరినవాటిని కడిగి, రకాలవారీగా చేర్చింది. తర్వాత వాటిని రెండు వైపులా తలుపులున్న పెద్ద మహాగని బీరువాలో, ఏ వస్తువుకూ వివరణ చీటీ లేకుండా అమర్చారు. శతాబ్దాల నాటి పెంకు పక్కన నిన్నమొన్నటి ప్లాస్టిక్ ముక్క కూర్చోవడానికి కారణం అదే. ఇది మీ వ్యాసంలో తప్పక రావలసిన విషయం.

‘నిత్యజీవిత వస్తువులు’ అన్న సమాసం ఆంగ్ల పదబంధానికి నీడ. ‘రోజూ వాడుకునే వస్తువులు’ అనండి. ‘సామాగ్రి’ అని మార్చాలనిపిస్తే ముందు దాన్ని ‘సామగ్రి’గా దిద్దుకోండి, ఆ తర్వాత కూడా ఎముకలనూ ఆల్చిప్పలనూ సామగ్రి అనడం కుదరదు. పేరులోని ‘డిగ్’ను ‘తవ్వకం’ చేయకుండా అలాగే ఉంచండి, ఎందుకంటే వారు ముఖ్యంగా చేసింది ఏరడం.

నేనైతే ఇలా రాస్తాను: ‘థేమ్స్ ఒడ్డున ఏరిన వస్తువులను, జనం పారేసినవీ పారేసుకున్నవీ అనే భేదం లేకుండా, రూపాన్నీ పదార్థాన్నీ బట్టి వర్గీకరించి ఒక బీరువాలో ప్రదర్శనకు పెట్టారు.’ వాక్యం కొంత పొడుగైంది. రెండుగా విడగొట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.