డాక్టర్ సలహా: ఇంగ్లండ్ వెళ్లాక కడుపు ఎందుకు మొరాయిస్తోంది?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మాది గుంటూరు. ఎమ్మెస్సీ చదవడానికి సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చాను. మాంసం తినను, గుడ్డు తింటాను. వారానికి మూడు రాత్రులు గోడౌన్‌లో పని. ఆదివారం కుక్కర్ నిండా అన్నం వండి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టుకుని బుధవారం దాకా తింటాను. అమ్మ పంపిన ఆవకాయ, గోంగూర పచ్చడే కూర. మిగతా రోజులు ఫ్రోజెన్ పరోటా, నూడుల్స్. పెరుగు తోడేస్తే తోడుకోవడం లేదు. ఐదు నెలల్లో 5 కిలోలు పెరిగాను. మూడు నాలుగు రోజులకోసారి గానీ విరేచనం కావడం లేదు. పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట. మూడు నెలలుగా ఊరి నుంచి తెచ్చుకున్న పాంటాప్రజోల్ 40 రోజూ వేసుకుంటున్నాను. మెట్లెక్కితే తొడలు లాగేస్తున్నాయి, ఎప్పుడూ నీరసం. నాన్న విటమిన్ డి సాషేలు పంపిస్తానంటున్నారు. పచ్చళ్లు మానేయాలా? ఇంటి నుంచి ఏం తెప్పించుకోవాలి?
– ఒక పాఠకురాలు, లెస్టర్

సలహా: పచ్చళ్లు మానేయక్కర్లేదమ్మా. ఇంటి దగ్గర ఆవకాయ మొదటి రెండు ముద్దలకే. ఆ తర్వాత పప్పు, కూర, చారు, చివర్లో పెరుగు వచ్చేవి. అక్కడ ఆ నాలుగూ పోయి ఆవకాయ ఒక్కటే మిగిలింది, ముద్దలేమో తగ్గలేదు. ఊరగాయ నిలవుండేదే ఉప్పు వల్ల. పది గ్రాముల ఆవకాయలో సుమారు ఒక గ్రాము ఉప్పు ఉంటుందని లెక్క వేసుకోండి. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నూడుల్స్ ప్యాకెట్ ఒక్కదాంట్లోనే చాలావరకు 2 గ్రాముల దాకా పోతుంది. కాబట్టి రోజుకు ఒక చిన్న చెంచా పచ్చడి, అదీ పప్పన్నంలో నంజుకోవడానికి.

మీరు పచ్చడిని అనుమానిస్తున్నారు గానీ, నేనైతే ముందు ఆ ఆదివారం అన్నం గిన్నెను పట్టుకుంటాను. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. ఉడికించినా చావవు. వండిన అన్నం బయట గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మైక్రోవేవ్‌లో పొగలు కక్కేలా వేడి చేసినా పోదు. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. కుక్కర్ గిన్నెలోనే వదిలేసిన అన్నం ముద్ద మధ్యలో చాలాసేపు గోరువెచ్చగా ఉంటుంది. తప్పు అక్కడే జరుగుతుంది. వండగానే వెడల్పు పళ్లెంలో పరిచి, గంటలోపు చల్లార్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఒక రోజులోపు తినేయండి, వేడి చేయడం ఒక్కసారే. మూడు రోజులకు వండుకోవాలనుకుంటే పూటకొక డబ్బా చొప్పున సర్ది ఫ్రీజర్‌లో పెట్టుకోండి. నిజానికి ఒక్కరికి ముప్పావు కప్పు బియ్యం వండటానికి కుక్కర్‌కు ఇరవై నిమిషాలు చాలు. చద్దన్నం మీద మనసైతే, ఫ్రిజ్‌లోని అన్నంలో పొద్దున్నే పెరుగు కలుపుకోండి. ఊళ్లోలా రాత్రంతా గట్టు మీద నానబెట్టొద్దు. 18 డిగ్రీల గదిలో పులుపెక్కడం ఆలస్యమవుతుంది, చెడ్డ క్రిములను ఆపేది ఆ పులుపే.

గుండెల్లో మంటకు కారం ఒక్కటే కారణం కాదు. షిఫ్ట్ అయ్యాక తెల్లారుజామున వచ్చి, కడుపు నిండా తిని, వెంటనే పడుకుంటున్నారేమో చూసుకోండి. తినడానికి, పడుకోవడానికి మధ్య మూడు గంటలు ఉండాలి. పెద్ద భోజనం షిఫ్ట్‌కు వెళ్లే ముందు చేసి, వచ్చాక అరటిపండు, గ్లాసు మజ్జిగతో ఆపేయండి. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. తల వైపు మంచం కోళ్ల కింద 15 సెంటీమీటర్ల ఎత్తు పెట్టండి. దిండ్లు రెండు పెట్టుకుంటే మెడ వంగి పొట్ట నొక్కుకుంటుందే తప్ప లాభం లేదు. పాంటాప్రజోల్‌ను తిన్నాక వేసుకుంటే అంత బాగా పనిచేయదు, ఆహారానికి అరగంట ముందు వేసుకోవాలి. మామూలు మంటకు నాలుగు నుంచి ఎనిమిది వారాలు చాలు. మీరు మూడు నెలలు వాడారు. ఇప్పుడు టక్కున ఆపితే యాసిడ్ మునుపటికంటే ఎక్కువ ఊరి, 'మాత్ర లేకపోతే బతకలేను' అనిపిస్తుంది. జీపీతో, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టర్‌తో, మాట్లాడి 40 నుంచి 20 మిల్లీగ్రాముల మాత్రకు దిగండి. రెండు వారాల తర్వాత రోజు మార్చి రోజు, ఆ తర్వాత బంద్. మధ్యలో మంట వస్తే ఫార్మసీలో దొరికే గావిస్కాన్ లాంటి సిరప్ భోజనం తర్వాత, పడుకునే ముందు వాడొచ్చు. అందులోనూ సోడియం ఉంటుంది, నెలల తరబడి తాగొద్దు. పాంటాప్రజోల్ ఏళ్లకేళ్లు వాడేవారికి బి12, మెగ్నీషియం తగ్గొచ్చు. మాంసం తినని మీకు బి12 అసలే బొటాబొటి.

ఇక పెరుగు. చాలామంది ఓడిపోయేది ఇక్కడే, కారణం చలి. దుకాణంలో కొన్న పెరుగును తోడుగా వేస్తే, అందులోని బ్యాక్టీరియాకు 40 నుంచి 45 డిగ్రీల వెచ్చదనం కావాలి. గుంటూరులో గట్టు మీద పెట్టినా తోడుకుంటుంది, లెస్టర్ వంటగదిలో తోడుకోదు. నీలం మూత పాలు కొనండి, అవి వెన్న తీయనివి. ఆకుపచ్చ మూతవి సగం తీసినవి, ఎర్రమూతవి పూర్తిగా తీసినవి. అరలీటరు పాలు పొంగు వచ్చాక సన్నసెగ మీద ఐదు నిమిషాలు మరిగించండి. ఈ మరుగుతోనే పాలలోని ప్రోటీన్ విడివడి పెరుగు గట్టిపడుతుంది. సీసా పాలు ముందే పాశ్చరైజ్ చేసినవి కదా అని గోరువెచ్చగా చేసి వదిలేస్తే నీళ్లపెరుగే వస్తుంది. చల్లారనిచ్చి, చిటికెన వేలు ముంచి పది అంకెలు లెక్కపెట్టగలిగే వేడిలో ఒక చెంచా తోడు కలపండి. అంతకంటే వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది. తోడుకు 'లైవ్' అని రాసిన సాదా పెరుగు తీసుకోండి. గ్రీక్ స్టైల్ పేరుతో అమ్మేవాటిలో కొన్నింట చిక్కదనం కోసం పిండి పదార్థాలు కలుపుతారు, పదార్థాల జాబితా చూడండి. వెడల్పు మూతి ఫ్లాస్క్‌ను వేడినీళ్లతో కడిగి, పాలు పోసి, మూత బిగించి, టవల్ చుట్టి ఎనిమిది గంటలు కదపకుండా ఉంచండి. తర్వాత ఫ్రిజ్‌లోకి. జిగురుగా తీగలు సాగితే వెచ్చదనం చాల్లేదని, లేదా తోడు పాతబడిందని అర్థం. ఆ తోడు పారేసి కొత్తది తెచ్చుకోండి. రోజుకు రెండు చిన్న గిన్నెల పెరుగంటే సుమారు 400 నుంచి 500 మిల్లీగ్రాముల కాల్షియం. బ్రిటన్‌లో పెద్దవాళ్లకు చెప్పే 700లో సగానికి పైగా వచ్చేసినట్టే.

మలబద్ధకానికి మందు మీరుంటున్న లెస్టర్‌లోనే ఉంది. 1972లో ఉగాండా వెళ్లగొట్టిన గుజరాతీలు చాలామంది స్థిరపడిన ఊరది. బెల్‌గ్రేవ్ రోడ్డు దుకాణాల్లో మన కూరగాయలు దొరుకుతాయి, పేర్లే వేరు. ఆనపకాయ దూధి, బీరకాయ తురియా, దొండకాయ టిండోరా, గోరుచిక్కుడు గువార్. గోంగూర కావాలంటే అంబాడి అని అడిగి చూడండి. ఖరీదనిపిస్తే బీరకాయ బదులు కోర్జెట్ (జుకినీ), బచ్చలి బదులు ఫ్రోజెన్ పాలకూర ముద్దలు వాడుకోండి, పోషకాల్లో పెద్ద తేడా రాదు. పుల్లటి పప్పుకు రూబార్బ్ అనే పుల్లటి మొక్క కాడ బాగా పనికొస్తుంది. కాడ మాత్రమే సుమా, దాని ఆకు విషం. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు ఈ పులుపు కాడకూ, గోంగూరకూ, పాలకూరకూ దూరంగా ఉండటం మేలు, ఆక్సలేట్ ఎక్కువ.

కందిపప్పు కొనేటప్పుడు ఒక సంగతి. అక్కడ టూర్ దాల్ రెండు రకాలు, మామూలుదీ, నూనె పట్టించిందీ. నూనె పట్టిందైతే గోరువెచ్చని నీళ్లలో రెండు మూడుసార్లు పిసికి కడగాలి. లేకపోతే కుక్కర్ విజిల్లోంచి నురగ, పప్పుకు అదో వాసన. పూటకు 50 గ్రాముల పప్పు, గుప్పెడు ఆకుకూర వేసి ఉడికించండి. 11 గ్రాముల ప్రోటీన్ వస్తుంది, పరోటా మీదకు మనసు పోదు. ఫ్రోజెన్ పరోటా ఒక్కోటి సుమారు 250 కేలరీలు. మూడు తింటే ఎంతో లెక్కేసుకోండి, మీ 5 కిలోల్లో చాలాభాగం అక్కడే ఉండొచ్చు.

హీటర్ గదిలో చెమట పట్టదు, దాహం తెలియదు, నీళ్లు తాగడం మర్చిపోతాం. మూత్రం లేత పసుపులో ఉండేలా తాగండి. ఇసబ్‌గోల్ 5 గ్రాములు, అంటే రెండు చెంచాల దాకా, పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగి, పైన ఇంకో గ్లాసు తాగాలి. నీళ్లు తక్కువైతే అదే లోపల గడ్డకట్టి ఇబ్బంది పెడుతుంది. పడుకోబోయే ముందు వద్దు. కమోడ్ మీద కూర్చున్నప్పుడు కాళ్ల కింద 20 సెంటీమీటర్ల పీట వేసుకుని కాస్త ముందుకు వంగండి. గొంతుకూర్చున్నట్టే అయి పేగు చివరి మలుపు తిన్నగా అవుతుంది. నీళ్లకు అలవాటుపడ్డ ఒళ్లు పొడి కాగితం రాపిడికి గీరుకుపోతుంది. కడుక్కోవడానికి నీళ్లు చిమ్మే చిన్న ప్లాస్టిక్ బిడే సీసా కొనుక్కోండి, మొహమాటం అక్కర్లేదు.

మెట్లెక్కితే తొడలు లాగడం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. గుంటూరు భూమధ్యరేఖకు 16 డిగ్రీల ఎగువన, లెస్టర్ 52 డిగ్రీల పైన. అక్టోబర్ నుంచి మార్చి మొదలు దాకా అక్కడి ఎండలో విటమిన్ డి తయారీకి కావలసినన్ని కిరణాలు ఉండవు. ఎండలో నిలబడ్డా ఉపయోగం లేదు. పైగా మన చామనఛాయ ఒంటికి తెల్లవాళ్లకంటే ఎక్కువసేపు ఎండ కావాలి. అందుకే దక్షిణాసియా మూలాలున్న వాళ్లు ఏడాది పొడవునా రోజుకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు వేసుకునే ఆలోచన చేయాలని అక్కడి ప్రభుత్వం చెబుతుంది. చౌకగా సూపర్ మార్కెట్‌లోనే దొరుకుతుంది. తొడలు, పిరుదుల దగ్గర లాగడం, చేతులు ఆన్చకుండా కింద నుంచి లేవలేకపోవడం ఎముక మెత్తబడుతున్న గుర్తులు కావచ్చు. మీకు ఆ 400 చాలకపోవచ్చు, పరీక్ష చేయించాలి. ఫలితం మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపు ఉంటే తక్కువనే లెక్క. బ్రిటన్ ల్యాబ్ నానోమోల్స్‌లో ఇస్తుంది, దాన్ని 2.5తో భాగిస్తే మన లెక్కకు వస్తుంది.

నాన్నగారు పంపుతానంటున్న సాషేలో 60,000 యూనిట్లు ఉంటాయి. అది వారానికి ఒకటి, అదీ లోటు ఉందని తేలాక ఆరు నుంచి ఎనిమిది వారాలే. ఎక్కువగా జరిగే పొరపాటు రోజూ ఒకటి వేసుకోవడం, లేదా కోర్సు అయిపోయినా ఆపకపోవడం. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, కిడ్నీలో రాళ్లు వస్తాయి. పరీక్ష కాకముందు సాషే జోలికి పోవద్దు. డాక్టర్ చెప్పాక ఏది వేసుకున్నా నెయ్యో నూనో ఉన్న భోజనంతో వేసుకోండి, ఒంటికి బాగా పడుతుంది.

ఉప్పు డబ్బా మీద ఏం రాసుందో కూడా చూడండి. మన దేశంలో వంటకు అమ్మే ఉప్పులో అయోడిన్ కలపాలన్నది నిబంధన. బ్రిటన్‌లో ఆ నిబంధన లేదు, గులాబీరంగు హిమాలయ ఉప్పులోనూ అయోడిన్ లేనట్టే. పాలు, గుడ్లు సరిగా తీసుకోకపోతే థైరాయిడ్ దెబ్బతినొచ్చు. బరువు పెరగడం, నీరసం, మలబద్ధకం మూడూ దాని లక్షణాలే. అందుకే అన్నింటినీ తిండి మీదకే తోసేయడానికి నాకు ధైర్యం చాలదు.

వీసాతోపాటు ఆరోగ్య సర్‌చార్జి కట్టే వెళ్లారు కదా, దాన్ని వాడుకోండి. దగ్గరలోని జీపీ దగ్గర పేరు నమోదు ఉచితం. థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, విటమిన్ డి, బి12, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), రక్తకణాల పరీక్ష చేయమని అడగండి. నెలసరి ఎలా ఉంటోందో కూడా చెప్పండి. మింగుడు పడకపోయినా, నల్లగా గానీ రక్తంతో గానీ విరేచనమైనా, ఆగని వాంతులైనా, కడుపు ఉబ్బి గ్యాస్ కూడా పోకపోయినా ఆ రోజే అక్కడి వైద్య సలహా నంబర్ 111కు ఫోన్ చేయండి. స్పృహ తప్పేలా ఉంటే అంబులెన్స్‌కు 999.

పార్శిల్ సంగతి. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి వద్దు. మాంసం, పాల పదార్థాలు భారత్ నుంచి తీసుకురావడాన్ని బ్రిటన్ అనుమతించదు, విమానాశ్రయంలోనే లాగేసుకుంటారు. నెయ్యి అక్కడే దొరుకుతుంది. నువ్వులపొడి, కందిపొడి, కరివేపాకు పొడి, మునగాకు పొడి, రాగిపిండి, ఉలవలు తెప్పించుకోండి. పొడుల్లో ఉప్పు సగం వేసి పంపమని అమ్మకు చెప్పండి, కావాలంటే అన్నంలో కలుపుకునేటప్పుడు వేసుకోవచ్చు. కరివేపాకు, మునగాకు చేత్తో నలిపితే గలగలా పొడయ్యేదాకా నీడన ఆరాలి, వేయించాక పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి. వేడి మీద మూతపెడితే లోపల చెమ్మ పట్టి, లెస్టర్ చేరేసరికి బూజు కనిపిస్తుంది. బూజు పట్టిందాన్ని పైపైన తీసేసి వాడొద్దు, డబ్బా మొత్తం పారేయండి.