ఒకే ప్రెస్సు, నాలుగు పీఎఫ్ ఐడీలు: కార్మికుడి జీతం ఎందుకు కదలలేదంటే

కంపెనీల లాభాలు ఏటేటా పెరుగుతున్నా చెన్నై, బెంగళూరు వంటి నగరాల్లో కార్మికుల జీతాలు ఎందుకు ఎదగడం లేదు, ఒకే గేటులో నుంచి లోపలికి వెళ్లేవారి మధ్య ఇంత తేడా ఎందుకు వస్తోంది, నైపుణ్యం లేకపోవడమే దీనికి కారణమా అని మీరు అడిగారు. చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో, వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక కర్మాగారపు టైమ్ ఆఫీసులో 29 ఏళ్లు జీతాల పట్టికలు వేసి 2024లో పదవీ విరమణ చేసిన మనిషిగా చెబుతున్నాను: నైపుణ్యానికీ దీనికీ సంబంధం లేదు. జీతం పెరగాలంటే, దాని గురించి మాట్లాడే హక్కు ఉన్నవాడొకడు యజమానికి ఎదురుగా కూర్చోవాలి. ఈ ముప్ఫై ఏళ్లలో నా కళ్ల ముందే ఎక్కువమంది కార్మికులకు ఆ కుర్చీ లేకుండా పోయింది. మిగతా కారణాలన్నీ దాని తర్వాతే వస్తాయి.

నేను చేరిన 1995లో మా మస్టరులో 310 మంది పర్మినెంటు కార్మికులు ఉండేవారు. కాంట్రాక్టు మనుషులు క్యాంటీనులోనూ తోటపనిలోనూ లారీల దగ్గరా తప్ప కనిపించేవారు కారు. 2023 నాటికి పర్మినెంటు వారు 96 మంది, కాంట్రాక్టు వారు 260 మంది. ఎవరినీ మెడబట్టి గెంటలేదు. ఒకరు రిటైరైతే ఆ ఖాళీలోకి కాంట్రాక్టరు మనిషి వచ్చాడు, మరొకరు స్వచ్ఛంద విరమణ తీసుకుంటే అక్కడికీ కాంట్రాక్టరు మనిషే వచ్చాడు, అలా మొదట ప్యాకింగు, తర్వాత వెల్డింగు, చివరికి ప్రెస్ షాపు కూడా చేతులు మారిపోయింది.

2023 మార్చిలో ఒక సాయంత్రం జరిగినది చెబుతాను. ఆ రోజు మా పర్మినెంటు వారికి 12(3) కుదిరింది. పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఆ సెక్షను కింద, లేబర్ ఆఫీసరు సమక్షంలో యాజమాన్యమూ యూనియనూ సంతకాలు చేసే వేతన ఒప్పందాన్ని ఇక్కడ అందరూ ఆ అంకెతోనే పిలిచేవారు. మూడేళ్లకు కలిపి ఒక్కొక్కరికి నెలకు 5,800 రూపాయల పెంపు. ప్రెస్ షాపులో మిఠాయి పంచారు. కాంట్రాక్టు వారికీ పంచారు. షిఫ్టు ముగిసి సైరను మోగిన తర్వాత ఒక ప్రెస్ ఆపరేటరు టైమ్ ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గరి పల్లె నుంచి 2012 జూన్‌లో వచ్చి మా దగ్గర చేరినవాడు. ఇచ్చిన మిఠాయి ఇంకా కాగితంలోనే ఉంది. ఫోనులో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి నా ముందు పెట్టాడు.

2014 నుంచి పీఎఫ్ సభ్యులందరికీ యూఏఎన్ అనే శాశ్వత సంఖ్య ఒకటి ఉంటోంది. మనిషి ఎన్ని చోట్ల పనిచేసినా ఆ సంఖ్య మారదు. దాని కింద ఒక్కొక్క సంస్థకూ ఒక్కొక్క మెంబర్ ఐడీ చేరుతూ పోతుంది. అతని సంఖ్య కింద నాలుగు ఉన్నాయి. నాలుగు కాంట్రాక్టు సంస్థల పేర్లు, చేరిన తేదీలు నాలుగు, మానేసిన తేదీలు మూడు, నడుమ నాలుగేసి రోజుల ఖాళీ. ఆ కాలమంతటిలోనూ అతను మా గేటు తప్ప మరో గేటు తొక్కలేదు. నిలబడిన చోటూ మారలేదు, 250 టన్నుల ఆ పవర్ ప్రెస్సూ మారలేదు.

"బాబూ, ఈ నాలుగూ నానే గదా. ఒక్క మనిషిని నాలుగు ముక్కలెందుకు సేసినారు?" అని అడిగాడు.

ఆ తేదీలను గేట్ పాసుల మీద రాసింది నేనే. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ పాత పాసులు వెనక్కి తీసుకోవాలనీ, నాలుగు రోజులు ఆగి కొత్తవి ఇవ్వాలనీ పైనుంచి కాగితం వచ్చేది, నేను అలాగే చేసేవాడిని. ఉద్యోగం విడిచేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే గ్రాట్యుటీ చేతికి రావాలంటే, 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం అయిదేళ్ల ఎడతెగని సర్వీసు ఉండాల్సి వచ్చేది. ఏ ముక్కనూ అయిదేళ్లు నిండనివ్వలేదు. అతని మొదటి ముక్క రెండేళ్ల ఎనిమిది నెలలు, రెండోది మూడేళ్లు, మూడోది నాలుగేళ్ల అయిదు నెలలు, నాలుగోది ఆ రోజుకు ఎనిమిది నెలలు. పదకొండేళ్లకు దగ్గరపడుతున్న మనిషి మా రికార్డులో ఎనిమిది నెలల కొత్తవాడు. పాసు మీద హోదా రాసే గడిలో నాలుగుసార్లూ "హెల్పర్, అన్‌స్కిల్డ్" అనే రాశాను. కొత్తగా తీసుకున్న ఇద్దరు పర్మినెంటు ట్రైనీలకు డై బిగించడమూ, స్ట్రోకు సరిచూడడమూ నేర్పింది ఆ అన్‌స్కిల్డ్ హెల్పరే. నైపుణ్యం కొరత గురించి ఎవరైనా మాట్లాడినప్పుడల్లా నాకు ఆ గడి గుర్తుకు వస్తుంది. నైపుణ్యం అతని చేతుల్లో ఉంది, కాగితం మీద దాన్ని లేకుండా చేసింది మేము.

ఇప్పుడు జీతాల సంగతి. 2013లో ఓవర్‌టైమ్ కాకుండా అతని నెలజీతం 8,200 రూపాయలు, పక్క ప్రెస్సు మీద పనిచేసే పర్మినెంటు కార్మికుడి జీతం 19,000. 2023లో అతనిది 13,400, పక్కవాడిది 46,000. రెండింతలకు కొంచెం పైన ఉన్న తేడా మూడున్నర రెట్ల దగ్గరికి చేరింది. పక్కవాడు ఎక్కువ తీసుకుంటున్నాడని నేను అనడం లేదు. ఇద్దరు పిల్లలను చదివించుకునే మనిషికి చెన్నైలో 46,000 ఏమీ రాజభోగం కాదు. ఇతని 63 శాతం పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. ఆ పదేళ్లలో దేశంలో ధరలు కూడా ఇంచుమించు అంతే పెరిగాయి. అంటే అతను ఎక్కడ ఉన్నాడో అక్కడే ఉన్నాడు.

ఇది యాదృచ్ఛికం కాదు, ఆ ఏర్పాటే అటువంటిది. తమిళనాడులో కనీస వేతనంలో ఉండే డీఏ (కరువు భత్యం), చెన్నై వినియోగదారుల ధరల సూచీని బట్టి ఏటా ఏప్రిల్ 1న మారుతుంది. కాంట్రాక్టు మనిషికి ఏడాదికి ఒకసారి వచ్చే పెంపు ఆ డీఏ ఒక్కటే. డీఏ అంటే నిరుడు పెరిగిన ధరలకు ఈ ఏడు ఇచ్చే పరిహారం. అది ధరల వెనక నడుస్తుందే గాని ఒక్క అడుగు కూడా ముందుకు వేయదు. బేసిక్ వేతనాన్ని అయిదేళ్లకు మించకుండా సవరించాలని 1948 నాటి కనీస వేతనాల చట్టం చెప్పింది గాని, ఆ గడువు దాటిపోయినా అడిగేవారు ఉండేవారు కారు. నిజంగా జీవితం మెరుగుపడే పెంపు వచ్చేది 12(3)లోనే, అందులో అతని పేరు లేదు. టీవీ చర్చల్లో కూర్చున్నవారు "కనీస వేతనం ఏటా పెరుగుతూనే ఉంది కదా" అన్నప్పుడు నాకు పట్టరాని కోపం వస్తుంది, ఎందుకంటే పరిహారాన్ని పెంపు అని పిలవడం జీతాల పట్టిక ఒక్కసారైనా వేసిన మనిషి చేయడు.

ఆ వారంలోనే అతనిని కూర్చోబెట్టి ఒక లెక్క వేశాను. 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనానికి కొలతలు నిర్ణయించింది: కార్మికుడి కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా తీసుకుని, యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, ఇవి కాక వంటచెరకు, దీపం వగైరాలకు మొత్తంలో 20 శాతం. 1991లో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం వంటి వాటికి మరో 25 శాతం కలపాలని చెప్పింది. కొరట్టూరులో అతను భార్యాపిల్లలతో ఉంటున్న ఒంటిగది అద్దె 5,000. నలుగురి తిండికి 9,000. తిండీ అద్దే కలిపితేనే జీతం దాటిపోయింది, బట్ట దాకా మేము వెళ్లనే లేదు. "మరి ఎలా నెట్టుకొస్తున్నావు?" అని అడిగితే, "పన్నెండు గంటల డ్యూటీ బాబూ" అన్నాడు. ఇంటి దగ్గర తల్లికి పంపేది ఆ నాలుగు గంటల ఓటీలోంచే.

ఇది మా ఒక్క కర్మాగారపు కథ అనుకోకండి. దేశంలోని కర్మాగారాల మీద ప్రభుత్వం చేసే వార్షిక పరిశ్రమల సర్వే ప్రకారం, 1990ల చివర్లో కార్మికుల్లో ఇంచుమించు ఆరో వంతుగా ఉన్న కాంట్రాక్టు వారు 2022-23 నాటికి 40 శాతానికి చేరారు. అవే కర్మాగారాల నికర అదనపు విలువలో, అంటే ముడిసరుకు వంటి ఖర్చులూ యంత్రాల తరుగుదలా పోగా మిగిలేదానిలో, కార్మికుల వేతనాల వాటా 1980ల తొలినాళ్లలో 30 శాతం దగ్గర ఉండేది, ఇప్పుడు 20 శాతం కూడా లేదు. 2023-24లో కార్పొరేట్ లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు 1.5 శాతమే పెరిగాయని కేంద్ర ప్రభుత్వపు ఆర్థిక సర్వేయే రాసింది. నైపుణ్యమే కారణమైతే, డిగ్రీ ఉన్నవారి జీతమైనా పెరిగి ఉండాలి కదా. పాత మహాబలిపురం రోడ్డులోని సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో కొత్తగా చేరే ఇంజనీరుకు పదిహేనేళ్ల క్రితం ఏడాదికి మూడు, మూడున్నర లక్షలు ఇచ్చేవారు. మా అక్క కొడుకు నిరుడు చేరితే అతనికీ మూడున్నర లక్షలే ఇచ్చారు. ఆ పిల్లవాడికీ ఎదురుగా కూర్చుని మాట్లాడే కుర్చీ లేదు.

నేను 29 ఏళ్లు పెరంబూరులో రైలెక్కి పట్టరవాక్కంలో దిగేవాడిని. భారతదేశంలో పద్ధతిగా ఏర్పడిన మొదటి కార్మిక సంఘం, మద్రాస్ లేబర్ యూనియన్, ఆ పెరంబూరులోనే 1918 ఏప్రిల్ 27న పుట్టింది. బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికుల బాధలు చూసి సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు పూనుకుంటే, హోమ్‌రూల్ ఉద్యమ నాయకుడు బి.పి. వాడియా అధ్యక్షుడయ్యారు. మిల్లు యాజమాన్యం ఆయన మీద హైకోర్టుకు వెళ్లి నిషేధపు ఉత్తర్వు తెచ్చింది. ఆ దెబ్బ తర్వాతే సంఘాలకు రక్షణ కావాలన్న ఒత్తిడి పెరిగి 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. మిల్లులు 1996లో మూతపడ్డాయి. ఆ మిల్లు మనుషులకు చదువు లేదు, చట్టం లేదు, కానీ అందరి పేర్లూ ఒకే మస్టరులో ఉండేవి. ఒక్క గేటు దగ్గర నిలబడితే అందరూ ఒక్కటయ్యేవారు.

ఇక్కడ మా యూనియన్ మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది. వారి నిజాయితీని నేను శంకించను, ఆ నాయకుల్లో ఇద్దరు నా స్నేహితులు. కానీ వారి నిబంధనావళిలో సభ్యత్వం పర్మినెంటు వారికే అని రాసి ఉంది, ముప్ఫై ఏళ్లలో ఎవరూ దాన్ని మార్చలేదు. అదే రకమైన పని చేసే కాంట్రాక్టు కార్మికుడికి అదే వేతనం ఇవ్వాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద వచ్చిన నియమాల్లో ఉండేది, తేడా వస్తే లేబర్ కమిషనర్ తేల్చాలనీ ఉండేది. ఒక్కసారైనా ఆ నియమాన్ని పట్టుకుని వారి తరఫున అర్జీ పెట్టమని 2016లో అడిగాను. "ముందు మన ఒప్పందం కానివ్వండి సార్" అన్నారు. మూడు ఒప్పందాలు అయ్యాయి. ఈలోగా 310 మంది సంఘం 96 మంది సంఘమైంది, బలం తగ్గుతున్న కొద్దీ వారికి వచ్చే పెంపు కూడా యాజమాన్యం ఇచ్చినంతే అవుతోంది.

2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమలులోకి వచ్చాయి. డిసెంబరులో ఆ ప్రెస్ ఆపరేటరు ఫోను చేశాడు. ఇప్పుడు అయిదో కాంట్రాక్టరు, అయిదో మెంబర్ ఐడీ. ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ వస్తుందని ఎవరో చెప్పారట, తనకు ఏ తేదీ నుంచి లెక్క వేస్తారని అడిగాడు. ఆ ఏడాది నియమం నిర్ణీత కాలానికి నియమించినవారికేననీ, అతని లాంటి వారికి తెరవదగిన తలుపు వేరే ఉందనీ చెప్పాను: ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలని ఆ స్మృతులు చెబుతున్నాయి. పదమూడేళ్లలో అతనికి ఒక్క నియామక పత్రమూ ఎవరూ ఇవ్వలేదు. పాస్‌బుక్‌లోని అయిదు ఐడీల పేజీలూ, ఈఎస్ఐ కార్డూ, దొరికినన్ని పాత గేట్ పాసులూ నకళ్లు తీసి దాచుకోమన్నాను. మళ్లీ ఫోను చేసినప్పుడు తనతో పాటు పదకొండు మందిని కూడగట్టానని చెప్పాడు. పన్నెండు మంది కలిసి ఒకే అర్జీ మీద సంతకాలు చేశారు, తెలుగులో వారు చెప్పినదాన్ని నేను తమిళంలో రాసి ఇచ్చాను. "హోదా" అన్న చోట ఈసారి "ప్రెస్ ఆపరేటర్" అని రాశాను. సంక్రాంతికి ముందు ఇచ్చిన ఆ అర్జీకి ఇంకా జవాబు రాలేదు.