ఆకుకూర పప్పు తిన్నా నీరసం ఎందుకంటే

రోజూ తోటకూర పప్పు తింటున్నా మధ్యాహ్నానికి ఒళ్లు తూలుతోందన్నారు కదా, చిక్కు భోజనం అవగానే మీరు తాగే కాఫీలో ఉంది. కాఫీ, టీల్లోని టానిన్లు ఆకుకూరలోని ఐరన్‌ని పట్టేసి ఒంటికి ఎక్కనివ్వవు.

1. కాఫీ భోజనానికి గంట ముందో, గంటన్నర తర్వాతో తాగండి.

2. అందరూ వదిలేసేది ఇదే: నిమ్మకాయ. దాంట్లోని విటమిన్ సి ఐరన్‌ని ఒంటికి ఎక్కేలా చేస్తుంది. పప్పు కంచంలో వడ్డించుకున్నాక అరచెక్క పిండుకోండి. పొయ్యి మీద ఉడుకుతుండగా పిండితే విటమిన్ సి చాలావరకు వేడికే పోతుంది. చింతపండు వేశాం కదా, పులుపు చాలనుకోకండి, దాంట్లో విటమిన్ సి నామమాత్రం. నిమ్మకాయ లేకపోతే సగం జామకాయ తినండి.

3. ఐరన్ మాత్ర పాలతో వద్దు, నీళ్లతోనే. కాల్షియం మాత్రకీ దానికీ 2 గంటలు ఎడం ఉండాలి.

హిమోగ్లోబిన్ ఒక్కటే చూపించుకుని ఊరుకోకండి, అది 12 దాటినా ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు. ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ పరీక్ష, విటమిన్ బి12 పరీక్ష రెండూ చేయించండి. ఫెరిటిన్ 30 (ng/mL) లోపు, బి12 200 (pg/mL) లోపు వస్తే డాక్టర్‌కి చూపించండి. బి12 ఏ ఆకుకూరలోనూ దొరకదు. ఆ రిపోర్టు రాకముందే ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి, బి12 లోపం వల్ల వచ్చే రక్తహీనత బయటికి కనబడకుండా పోయి, లోపల నరాలు దెబ్బతినొచ్చు.