టెక్ సందేహాలు: గోల్డ్‌ఫిష్, ఏంజెల్ కలిపి పెంచడానికి ఏ యాప్‌ని నమ్మాలి?

ప్రశ్న: మా రెండడుగుల అక్వేరియంలో రెండు గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయి. వాటితో పాటు ఏంజెల్ ఫిష్‌లు కూడా కావాలని పిల్లలు అడుగుతున్నారు. ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే జాగ్రత్తగా ఉంటే పెట్టొచ్చంది. ఒక వెబ్‌సైట్ మాత్రం వద్దంది. హీటర్, స్మార్ట్ ప్లగ్, టీడీఎస్ మీటర్ ఇప్పటికే కొన్నాం. ఇవన్నీ ఉన్నాయి కదా, కలిపి పెట్టొచ్చా? (ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వద్దండి. ఈ రెంటినీ కలిపి పెట్టకండి. మీరు కొన్న పరికరాలు మంచివే కావచ్చు. కానీ హీటర్ చేసే పని నీటిని ఒక ఉష్ణోగ్రత దగ్గర నిలపడం. ఏ ఉష్ణోగ్రత అన్నది మీరే చెప్పాలి. చిక్కంతా అక్కడే ఉంది.

గోల్డ్‌ఫిష్ చల్లటి నీటి చేప. దానికి 18 నుంచి 22 డిగ్రీలు హాయిగా ఉంటుంది. ఏంజెల్ అమెజాన్ ప్రాంతపు చేప, దానికి 24 నుంచి 30 డిగ్రీల నీళ్లు కావాలి. మధ్యేమార్గంగా 23 పెడదామంటే రెంటికీ అది హద్దుకు బయటే. ఏంజెల్ కోసం 28 పెట్టారనుకోండి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 28 దగ్గర అది 8 లోపే. అదే సమయంలో వేడికి గోల్డ్‌ఫిష్ ఒంట్లో జీవక్రియ వేగం పెరుగుతుంది. అంటే అందే ఆక్సిజన్ తగ్గుతుంది, అవసరం పెరుగుతుంది. అది వదిలే అమ్మోనియా కూడా ఎక్కువవుతుంది. చేప ఒక్కరోజులో చచ్చిపోదు కాబట్టి బాగానే ఉందని మనం అనుకుంటాం. నెలల తరబడి అది అలా నలిగిపోతూ ఉంటుంది.

చాట్‌బాట్ ఎందుకలా చెప్పిందంటే, మీరు అడిగిన తీరును బట్టి కూడా అది జవాబిస్తుంది. 'కలిపి పెట్టొచ్చా' అంటే ఎలాగోలా కుదిర్చే దారి వెతుకుతుంది. అందుకే రెండు చేపల గురించీ విడివిడిగా అడగండి. హాయిగా ఉండే ఉష్ణోగ్రత, పీహెచ్, నీటి కాఠిన్యం, పెద్దయ్యాక పొడవు, నోట్లో పట్టే చిన్న చేపల్ని తింటుందా లేదా అన్న వివరాలు అంకెలతో రాబట్టండి. పక్కపక్కన పెట్టి మీరే పోల్చి చూడండి. ఆ అంకెల్ని ఫిష్‌బేస్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. శాస్త్రవేత్తలు నడిపే ఉచిత సైట్ అది. అయితే అక్కడా ఒక మెలిక ఉంది. గోల్డ్‌ఫిష్ పేజీలో ఉష్ణోగ్రత 0 నుంచి 41 డిగ్రీలని కనిపిస్తుంది. అది చేప తట్టుకోగలిగిన హద్దు. ఖమ్మంలో 45 డిగ్రీల ఎండను మనమూ తట్టుకుంటాం, అలాగని అది మనకు హాయి కాదు కదా. చాలా యాప్‌లు ఈ తేడా చూపించవు. రెండు హద్దులూ ఎక్కడో కలిశాయి కాబట్టి 'సరిపోతాయి' అని పచ్చ గుర్తు పెట్టేస్తాయి.

ఇక మీ తొట్టి సంగతి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే లెక్కకు దాదాపు 57 లీటర్లు. గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ పోను నికరంగా 45 లీటర్ల నీళ్లు. రెండు తోకలున్న ఫ్యాన్సీ గోల్డ్‌ఫిష్ కూడా 15 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. మీ రెండింటికే ఆ తొట్టి ఇరుకు. ఆక్‌అడ్వైజర్ అనే సైట్‌లో తొట్టి కొలతలు, ఫిల్టర్ మోడల్, చేపల పేర్లు ఇస్తే తొట్టి ఎంత శాతం నిండిందో చెబుతుంది. చూడ్డానికి పాతకాలపు పేజీలా ఉంటుంది కానీ, కొనకముందు ఒకసారి అక్కడ లెక్క వేసుకోమని నేను అందరికీ చెబుతాను. తొట్టి పరిమాణం అడగకుండా 'పెట్టొచ్చు' అనే ఏ యాప్ మాటా నమ్మకండి.

టీడీఎస్ మీటర్ మీద కూడా ఆశ పెట్టుకోకండి. అది నీటి విద్యుత్ వాహకతను కొలిచి, కరిగి ఉన్న లవణాలు ఎంతో అంచనా వేస్తుంది. చేపల్ని చంపేది ఎక్కువగా అమ్మోనియా. లీటరుకు 1 మిల్లీగ్రాము అమ్మోనియా ఉన్నా ప్రమాదమే. బోరు నీటి 500 పీపీఎం రీడింగులో అది ఉందో లేదో ఆ మీటర్‌కి తెలియదు. అమ్మోనియా, నైట్రైట్ చూసే టెస్ట్ కిట్ విడిగా కొనండి. కొత్త తొట్టిలో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజ్‌లో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ లోపు ఏ రెండు రకాలు కలిపినా ఇబ్బందే. టీడీఎస్ తగ్గించాలని మొత్తం ఆర్వో నీళ్లు పోసేవాళ్లున్నారు, ఆ పని చేయకండి. లవణాలు లేని నీటిలో పీహెచ్ నిలకడగా ఉండదు.

పిల్లలకు రెండు రకాలు కావాలంటే ఒక దారి ఉంది. గోల్డ్‌ఫిష్‌లను పెద్ద తొట్టి ఉన్నవారికి ఇచ్చేసి, మీ తొట్టిలో మగ గప్పీలు ఐదారు, కంచు రంగు కోరీడోరస్ (కోరీ) అనే చిన్న మీసాల చేపలు ఆరు పెట్టండి. గప్పీలు పైన తిరుగుతాయి, కోరీలు అడుగున తిరుగుతాయి. 24, 25 డిగ్రీలు రెంటికీ బాగుంటుంది. మన బోరు నీటి గట్టిదనం గప్పీలకు ఇష్టం కూడా. అడుగున గరుకు రాళ్లు తీసేసి మెత్తటి ఇసుక వేయండి, లేకపోతే కోరీల మీసాలు అరిగిపోతాయి. 50 వాట్ల హీటర్ చాలు, అదీ చలికాలానికే. వాట్లు మరీ ఎక్కువైతే, థర్మోస్టాట్ పాడై ఆగకుండా పనిచేసినప్పుడు నీళ్లు గబగబా వేడెక్కిపోతాయి.

ప్రశ్న: ఫిల్టర్, లైట్ రెండూ స్మార్ట్ ప్లగ్‌లకు కలిపాను. కరెంటు పోయి వచ్చాక ఫిల్టర్ ఆన్ కావడం లేదు. ఊరెళ్లినప్పుడు టెన్షన్‌గా ఉంటోంది. (భీమవరం)

జవాబు: మీ ప్లగ్ యాప్ సెట్టింగ్స్‌లో 'పవర్ ఆన్ స్టేట్' లేదా 'రిలే స్టేటస్' అని ఉంటుంది. కొన్ని ప్లగ్‌లు కంపెనీ నుంచే 'ఆఫ్' మీద వస్తాయి. దాన్ని 'ఆన్'కి మార్చండి. అసలు ఫిల్టర్‌ను నేరుగా గోడ సాకెట్‌కే పెట్టమంటాను. 24 గంటలూ నడవాల్సిన దానికి టైమర్ ఎందుకు? స్మార్ట్ ప్లగ్ లైట్‌కి ఉంచి, రోజుకు 8 గంటలు షెడ్యూల్ చేసుకోండి. హీటర్‌కి పెట్టాలంటే కరెంటు వాడకం చూపించే ప్లగ్ తీసుకోండి. హీటర్ గంటల తరబడి ఆగకుండా నడుస్తుంటే యాప్‌లోనే కనిపెట్టొచ్చు.

కరెంటు లేనప్పుడు యూఎస్‌బీ ఎయిర్ పంప్ వాడితే బాగుంటుంది. కానీ దాన్ని పవర్ బ్యాంక్‌కి పెడితే కాసేపటికి ఆగిపోవచ్చు. పంప్ లాగే కరెంటు మరీ తక్కువ కాబట్టి, ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకుని పవర్ బ్యాంక్ ఆపేస్తుంది. తక్కువ కరెంటు మోడ్ ఉన్న పవర్ బ్యాంక్ గానీ, యూఎస్‌బీ పోర్టు ఉన్న వైఫై రూటర్ మినీ యూపీఎస్ గానీ తీసుకోండి. ఊరెళ్లేముందు ఒక రాత్రి ఇంట్లోనే నడిపి చూడండి.

ప్రశ్న: షాపులో 'షార్క్' అని చిన్న చేపలు అమ్మారు. గూగుల్ లెన్స్ ఒక్కో ఫొటోకి ఒక్కో పేరు చెబుతోంది. గప్పీలతో ఉంచొచ్చా? (హైదరాబాద్)

జవాబు: ఉంచకండి. మీరు పంపిన ఫొటోల్లోవి పంగాసియస్ పిల్లలు. ఆంధ్రప్రదేశ్‌లో చెరువుల్లో పెంచి మార్కెట్‌కి పంపే చేపే ఇది, మీటరు దాటి పెరుగుతుంది. పిల్ల చేపల రంగు, చారలు వయసుతో మారతాయి కాబట్టి లెన్స్ తికమక పడుతుంది. పక్క నుంచి, వెలుతురులో, అద్దానికి ఫోన్ ఆనించి తీస్తే కాస్త మెరుగ్గా పోలుస్తుంది. షాపు బిల్లులో శాస్త్రీయ నామం రాయించుకుని వెతకడం అన్నిటికన్నా నయం. వీటిని షాపుకే తిరిగిచ్చేయండి. దగ్గర్లోని చెరువులో మాత్రం వదలకండి. అక్వేరియంలలోని సక్కర్ చేపలు అలాగే బయటపడి, ఇప్పుడు మన నదుల్లో, చెరువుల్లో మత్స్యకారుల వలలు పాడుచేస్తున్నాయి.