దబోలిం మొదట ఎవరిది?

ప్రశ్న: దసరా సెలవులకు గోవా వెళ్ళాం. విమానం దబోలింలో దిగుతుంటే కిటికీలోంచి ఫోటోలు తీయొద్దన్నారు. ఇది నేవీ రన్‌వే అని పక్క సీటాయన చెప్పారు. నేవీ కట్టుకున్న చోట టూరిస్టుల విమానాలను ఎందుకు దిగనిస్తున్నారండీ?
– ఒక పాఠకురాలు, యానాం

జవాబు: ఆయన చెప్పింది సగమే నిజమమ్మా. రన్‌వే నేవీదే, కానీ నేవీ కట్టింది కాదు. నేను నేవీలో ఎయిర్ మెకానిక్‌గా చేసి, కొన్నేళ్ళు దబోలింలోనే ఉండి, ఇప్పుడు అమలాపురం దగ్గర కొబ్బరితోట చూసుకుంటున్నవాణ్ణి. ఈ కథ నాకు ఇష్టం.

యానాం వారికి సగం కథ చెప్పక్కర్లేదు. 1954లో ఫ్రెంచివాళ్ళు మీ ఊరు అప్పజెప్పి వెళ్ళారు. పోర్చుగీసువాళ్ళు మాత్రం గోవాను వదిలేది లేదన్నారు. ఆ ఏడాదే దాద్రా, నగర్ హవేలీ వాళ్ళ చేయి జారిపోయాయి. మన ప్రభుత్వం సరిహద్దు బిగించింది, రైలు ఆగిపోయింది. ఇక మిగిలింది సముద్రం, ఆకాశం. అందుకని మర్మగోవా రేవుకు దగ్గర్లో, దబోలిం గుట్ట మీద విమానాశ్రయం కట్టుకున్నారు. 'టాయిప్' అని సొంత ఎయిర్‌లైన్స్ కూడా పెట్టుకుని డామన్, డయ్యూ, కరాచీలకు విమానాలు నడిపారు. అచ్చంగా ప్రయాణికుల ఎయిర్‌పోర్టు అది.

1961 డిసెంబరు 18 ఉదయం మన 12 కాన్‌బెరా విమానాలు ఆ రన్‌వే మీద 63 వేల పౌండ్ల బాంబులు వేశాయి. అంటే 28 టన్నుల పైమాటే. టెర్మినల్ జోలికి పోవద్దని ముందే ఆర్డరు. రేపు మనకే పనికొచ్చేదాన్ని పాడుచేసుకోవడం ఎందుకు? ఆ రాత్రే పోర్చుగీసువాళ్ళు గోతులు హడావిడిగా పూడ్చి, ఒక కాన్‌స్టెలేషన్, ఒక డీసీ-4 విమానాల్లో అధికారుల కుటుంబాలను ఎక్కించి, చీకట్లో తక్కువ ఎత్తున కరాచీకి పంపేశారు. శత్రువులే అయినా ఆ పైలట్ల గుండె ధైర్యానికి దండం పెట్టాలి. మర్నాడు గోవా లొంగిపోయింది.

విమానాలు ఎగిరి దిగే మన విక్రాంత్ ఓడ ఆ ఏడాదే నేవీలో చేరింది. దాని విమానాలకు నేల మీద ఉండే స్థావరం ఐఎన్ఎస్ హంస. అదెక్కడంటే కోయంబత్తూరు దగ్గర సూలూరులో, సముద్రానికి ఎంతో దూరంగా! ఓడ మీద దిగే విమానాలకు అదేం చోటు? 1962లో దబోలిం నేవీ చేతికొచ్చింది, 1964లో హంస అక్కడికి మారింది. రన్‌వే బాగుచేసి 1966లో మామూలు విమానాలనూ రానిచ్చారు. ఇల్లు కట్టినప్పటి యజమాని వెనక వాటాలో అద్దెకు దిగినట్టయింది ప్రయాణికుల పని. వారపు రోజుల్లో పొద్దున కొన్ని గంటలు నేవీ శిక్షణకే కేటాయిస్తారు. టికెట్లు బుక్ చేసేటప్పుడు ఆ వేళల్లో విమానాలు కనబడకపోతే కారణం అదే.

ఫోటోలు వద్దనడం కూడా అది నేవీ స్థావరం కాబట్టే. కానీ మీ కిటికీలోంచి కనబడని పని ఒకటి చెబుతాను. మా రోజుల్లో సీ హారియర్ జెట్ యుద్ధవిమానాలు ఎగరకముందు అందరం పక్కపక్కన వరస కట్టి, తలలు వంచుకుని నేల చూస్తూ నడిచేవాళ్ళం. ఎఫ్ఓడీ వాక్ అంటారు, అంటే రన్‌వే మీద ఉండకూడని చెత్తను ఏరే నడక. ఎర్రమట్టి గులకరాళ్ళు, ఊడిన స్క్రూ, వాషరు, ఏది కనబడితే అది ఏరి జేబులో వేసుకోవాలి. జెట్ ఇంజన్ ఒక్క రాయి పీల్చినా లోపలి బ్లేడ్లు పోతాయి. ఆఫీసరైనా నాలాంటి సెయిలరైనా వంగాల్సిందే. ఇక ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా విమానాలను మంచినీళ్ళతో కడగడం వేరే. ఆ ఉప్పుగాలి సంగతి యానాం వారికి నేను చెప్పాలా?

2023లో ఉత్తర గోవాలోని మోపాలో కొత్త ఎయిర్‌పోర్టు మొదలైంది. కొన్ని విమానాలు అటు వెళ్ళాయి, దబోలిం కూడా నడుస్తోంది. ఈసారి వెళ్తే బొగ్మాలో దారిలో ఉన్న నేవీ విమానాల మ్యూజియం చూడండి. అక్కడ ఆరుబయట ఒక సూపర్ కాన్‌స్టెలేషన్ ఉంది. ఆ రాత్రి కరాచీ చేరినదాని జాతిదే. దాని ఫోటో ఎన్నయినా తీసుకోవచ్చు.